ఈస్టర్ తెల్లవారుజాముకి ఒక పాట: మన క్వయర్ గొంతులకి తగ్గట్టు బాణీ కట్టడం

ఈస్టర్ పాటకి కూర్చోగానే నేను ముందు ఒక పాత లెడ్జరు తెరుస్తాను. అందులో మా క్వయర్‌లో ఉన్న 17 మంది పేర్లూ ఉంటాయి. ప్రతి పేరు పక్కన రెండు స్వరాలు రాసి ఉంటాయి: ఆ మనిషి హాయిగా పాడగలిగే అతి కింది స్వరం, అతి పై స్వరం. ఆ పేజీ చూడకుండా నేను ఒక్క లైను కూడా కట్టను.

మాది రేపల్లె దగ్గర ఒక ఊరు, లూథరన్ సంఘం. క్వయర్‌లో 11 మంది ఆడవాళ్లు, ఆరుగురు మగవాళ్లు. ఒకాయన టైలరు, ఒక అక్క ఏఎన్ఎం నర్సు, ఇద్దరు తమ్ముళ్లు ఆటో నడుపుతారు, నలుగురు ఇంటర్ పిల్లలు. మిగతావాళ్లది పొలం పని, ఇంటి పని. స్వరాలు చూసి పాడగలిగినవాళ్లు ఎవరూ లేరు. నేను పోస్టాఫీసులో గుమాస్తాని. మా నాన్నగారు ఉపదేశిగా, అంటే సంఘంలో వాక్యం చెప్పేవారిగా ఉన్న రోజుల్లో ఆయన పక్కన కూర్చుని హార్మోనియం నేర్చుకున్నాను. తొమ్మిదేళ్లుగా ప్రతి ఈస్టర్‌కీ మావాళ్ల కోసం ఒక కొత్త పాట కడుతున్నాను. ఇలాంటి క్వయర్ మీకూ ఉండి, ఈసారి అందరూ పాడేసిన పాట కాకుండా మీ సొంత పాట పాడించాలని ఉంటే, నేను ఏం చేస్తానో చెబుతాను.

ముందు గొంతులు లెక్కపెట్టండి

ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టండి. సరిగమలు పాడమంటే భయపడతారు. బాగా అలవాటున్న కీర్తన పల్లవి పాడమనండి, అప్పుడు గొంతు దాచుకోరు. ఒకటి శ్రుతిలో, అంటే కీబోర్డు మీద సిలో మొదలుపెట్టి అదే పల్లవిని ఒక్కో మెట్టు పెంచుతూ పాడించండి. చెవితో పాటు కంటితో కూడా చూడాలి. గడ్డం పైకి లేస్తోందా, మెడ నరం కనిపిస్తోందా, భుజాలు ఎగురుతున్నాయా? ఏది కనిపించినా ఆపేసి, రెండు మెట్లు కిందికి వచ్చి ఆ స్వరం రాసుకోండి. ఎంత పైకి అందుకోగలరన్నది మనకి అక్కర్లేదు. ఆరు వారాలు పాడినా గొంతు పోని స్వరం ఏదో అదే కావాలి.

మా లెడ్జరు ప్రకారం మా ఆడవాళ్లందరికీ కలిసి దొరికేది మధ్య సి కింద ఉన్న ఎ నుంచి పై డి దాకా. మగవాళ్లకి సరిగ్గా దానికి ఒక స్థాయి (ఆక్టేవ్) కింద. అంతే మా స్థలం. ఆ ఇంట్లోనే పాట కాపురం చెయ్యాలి.

నా మొదటి ఈస్టర్ పాటలో చరణాన్ని పై గాంధారం, అంటే పై స్థాయిలో 'గ' స్వరం దాకా తీసుకెళ్లాను. ఇంట్లో హార్మోనియం మీద వాయించుకుంటుంటే నాకే కళ్లు చెమర్చాయి. పండగ రోజు ఆ చోటికి వచ్చేసరికి ముగ్గురి గొంతులే వినిపించాయి. మిగతావాళ్లు నోరు కదిపారు గానీ శబ్దం రాలేదు. వాళ్లు బాగా పాడలేదని తర్వాత ఎవరో అంటే నాకు చాలా బాధేసింది. తప్పు పాడినవాళ్లది కాదు, కట్టినవాడిది. లెడ్జరు ఆ సోమవారమే మొదలుపెట్టాను.

మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనకి పలికేది ఐదు స్వరాలే, కానీ ఆ ఐదూ గుడి గంటలా పలుకుతాయి. ఆయన్ని వెనక వరసలో నిలబెట్టి అందరితో పాటు గొణిగించడం కంటే, ఆ ఐదు స్వరాల్లోనే ఆయనకి ఒక పని రాయడం మంచిది. ఆ పని ఏంటో తర్వాత చెబుతాను.

ఎక్కడ పాడతారు, ఎన్ని గంటలకి

మనవైపు ఈస్టర్ అంటే సమాధుల తోట. ముందు రోజే వెళ్లి గడ్డి పీకి, సమాధులకి సున్నం వేసి, తెల్లవారుజామున పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తాం. మా ఆరాధన అక్కడ నాలుగున్నరకి మొదలవుతుంది. మళ్లీ తొమ్మిదింటికి గుడిలో ఉంటుంది. అంటే పాట ఒకటే అయినా ప్రదర్శనలు రెండు. తోటలో కరెంటు ఉండదు, మైకు ఉండదు, కీబోర్డు ఉండదు. గుడిలో అన్నీ ఉంటాయి. కాబట్టి వాద్యాలు లేకపోయినా నిలబడే పాట కట్టండి. వాద్యం తీసేస్తే కూలిపోయే పాట తోటకి పనికిరాదు.

ఇంకో సంగతి. నిద్రలేచిన గంటలోపు ఏ గొంతైనా బరువుగా, కిందికి ఉంటుంది. సాయంత్రం ప్రాక్టీసులో అలవోకగా వచ్చిన పై స్వరం తెల్లవారుజామున రాదు. మేం తోటలో ఒకటి శ్రుతిలో పాడతాం, గుడిలో అదే పాట రెండు శ్రుతిలో, అంటే డిలో పాడతాం. రెండు శ్రుతుల్లోనూ ప్రాక్టీసు చేయించండి. లేకపోతే తోటలో అలవాటు కొద్దీ ఎత్తుకుని మధ్యలో ఇరుక్కుంటారు.

తేదీ కూడా ముందే చూసుకోండి. ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు. 2025లో ఏప్రిల్ 20న వచ్చింది, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. తొందరగా వచ్చే ఏడాది శ్రమల దినాలు, అంటే ఈస్టర్ ముందు 40 రోజులు, పదో తరగతి, ఇంటర్ పరీక్షలతో కలిసిపోతాయి. అలాంటి ఏడాది పిల్లలకి కొత్త చరణాలు ఇవ్వను. పల్లవి ఒక్కటే వాళ్లది. తల్లులకి టెన్షన్ ఉండదు, పిల్లలు ప్రాక్టీసు మానరు.

మాటలు

ఈస్టర్ పాట రాసేవాళ్లు తరచుగా చేసే పొరపాటు, కథ మొత్తం ఒక్క పాటలో పెట్టడం. మరియ, పేతురు పరుగు, ఎమ్మాయు దారి, తోమా అనుమానం అన్నీ నాలుగు చరణాల్లో కుక్కితే వినేవాళ్లకి ఏదీ మిగలదు. ఒక్క సన్నివేశం పట్టుకోండి. నేను కిందటిసారి పట్టుకున్నది, తెల్లవారుతుండగా సుగంధ ద్రవ్యాలు పట్టుకుని సమాధి దగ్గరికి నడిచి వచ్చిన ఆడవాళ్లని. మన ఆడవాళ్లు కూడా అదే వేళకి, చేతుల్లో పూలతో, తమవాళ్ల సమాధుల దగ్గరికి నడిచి వస్తారు కదా. వేరే వేషాలు అక్కర్లేదు.

మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ రాసిన మాట ఒకటుంది: ఆయన ఇక్కడ లేడు. దేవదూత చెప్పిన మాట అది. అదే మాటని ఖాళీ సమాధి చూసి నిలబడిపోయిన ఆడవాళ్ల నోట పెట్టి చూశాను. ఏడుపయింది. మాటలు మారలేదు, అర్థం తిరగబడింది. పాట మొత్తం అక్కడి నుంచే పుట్టింది.

మాట దొరికాక దాన్ని వెంటనే పాడకండి. ముందు బిగ్గరగా చదవండి, చేత్తో తొడ మీద కొడుతూ చదవండి. తెలుగులో దీర్ఘం, హ్రస్వం తేడా వస్తే మాటే మారిపోతుంది కాబట్టి బాణీ ఆ నడకని వినాలి. హ్రస్వానికి ఒక మాత్ర, దీర్ఘానికి రెండు, ఒత్తు ముందున్న అక్షరానికీ సున్నా ఉన్న అక్షరానికీ రెండు. 'ఆయన' అంటే రెండు, ఒకటి, ఒకటి, మొత్తం నాలుగు. 'ఇక్కడ' కూడా అలాగే నాలుగు. 'లేడు' రెండు, ఒకటి, మూడు. నాలుగు, నాలుగు, మూడు. ఇది చతురశ్ర నడక, అంటే నాలుగేసి మాత్రల నడక, ఆది తాళంలో హాయిగా కూర్చుంటుంది. ఎనిమిది దెబ్బల్లో 'ఆయన'కి రెండు, 'ఇక్కడ'కి రెండు, 'లే'కి రెండు, 'డు'కి ఒకటి. ఎనిమిదో దెబ్బ ఖాళీ.

ఆ ఖాళీ దెబ్బని ఎవరికీ ఇవ్వకండి. తబలాకీ కీబోర్డుకీ కూడా వద్దు. అక్కడే అందరూ ఊపిరి తీసుకుంటారు, వినేవాళ్లకి ఆ మాట అక్కడే దిగుతుంది. అలవాటు లేని క్వయర్ ఎనిమిదో దెబ్బ ఆగకుండా తర్వాతి లైనుకి దూకుతుంది. ఈ ఒక్క దెబ్బ కోసం నేను రెండు సాయంత్రాలు ఖర్చుపెట్టాను, అవి దండగ పోలేదు.

ఇంకో రెండు జాగ్రత్తలు. 'డు' మీద దాని ఒక్క దెబ్బకి మించి ఆగకూడదు, ఆగితే అది 'లేడూ' అయిపోతుంది. సాగదీయాల్సింది 'లే'ని. రెండోది, 'ఆయన ఇక్కడ' అన్నది మన నోట్లో దానంతటదే 'ఆయనిక్కడ' అయిపోతుంది. అయిందంటే ఒక మాత్ర తగ్గి, అందరూ తాళం కంటే ముందు పడతారు. 'న' తర్వాత గొంతు తెగనివ్వకుండా, 'ఇ'ని కొత్త మాటలా ఎత్తుకోమని చెప్పండి.

రెండో లైనుకి మొదట నేను రాసుకున్నది 'రాయి దొర్లి ఉంది చూడు'. అర్థం బాగుంది, ప్రాక్టీసులో మాత్రం ప్రతిసారీ తట్టుకుని పడ్డారు. నర్సు అక్క, "అన్నా, ఈ లైను కుంటుతోంది" అంది. తొడ మీద కొట్టి చూస్తే నిజమే. రాయి మూడు, దొర్లి మూడు, ఉంది మూడు, చూడు మూడు. నాలుగేసి మాత్రల నడకలో మూడేసి అడుగుల లైను పెట్టాను. మార్చి రాసింది ఇది:

ఆయన ఇక్కడ లేడు
ఎవ్వరు రాతిని దొర్లించారో

ఎవ్వరు నాలుగు, రాతిని నాలుగు, దొర్లిం నాలుగు, చారో నాలుగు. 16 మాత్రలు, ఎనిమిది దెబ్బలు, నిండుగా. 'సమాధి ద్వారం మీది రాయిని ఎవరు దొర్లిస్తారు' అని దారిలో ఆ ఆడవాళ్లు అనుకున్నట్టు మార్కు సువార్తలో ఉంటుంది. ఆ ప్రశ్న కూడా ఇందులోకి వచ్చేసింది. పక్కన పెట్టిన లైనుని కొట్టెయ్యలేదు. అది పాట చివర అక్కరకొచ్చింది.

రాగం: ఒక్క స్వరం మార్పు

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చాలా కీర్తనల మీద రాగం, తాళం పేర్లు అచ్చయి ఉంటాయి. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారి లాంటివాళ్లు కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టి ఇచ్చారు. అందుకే మన సంఘాల్లో రాగం పేరు తెలియని అవ్వకి కూడా రాగం నడక తెలుసు. ఆ తెలివిని వాడుకోండి. క్వయర్‌కి సిద్ధాంతం చెప్పక్కర్లేదు.

నేను విలాపానికి శివరంజని తీసుకున్నాను, పునరుత్థానానికి మోహన. శివరంజనిలో స (షడ్జమం), రి (రిషభం), గ (గాంధారం), ప (పంచమం), ద (ధైవతం). మోహనలో కూడా స, రి, గ, ప, ద. తేడా గాంధారం ఒక్కటే. శివరంజనిలో సాధారణ గాంధారం, మోహనలో అంతర గాంధారం. డి శ్రుతిలో కీబోర్డు మీద చూస్తే, మొదటిది ఎఫ్, రెండోది ఎఫ్ షార్ప్. పక్కపక్క మెట్లు. ఆ ఒక్క మెట్టు ఎక్కితే ఏడుపు పాట పండగ పాట అవుతుంది.

పల్లవి స్వరాలు ఇవి. కామా అంటే ఇంకో మాత్ర సాగదీయాలి, గీత అంటే మౌనం.

గ , రి స / రి , గ ప / గ , , , / రి , – –
ఆ య న / ఇ క్కడ / లే / డు

ప , గ రి / గ , రి స / రి , గ , / రి , స ,
ఎ వ్వరు / రా తిని / దొ ర్లిం / చా రో

దీన్ని శివరంజనిలో ఆడవాళ్లు పాడతారు, నిమిషానికి 66 దెబ్బల కాలంలో. తర్వాత నాలుగు క్షణాలు మౌనం. అప్పుడు ఇంటర్ పిల్లలు నలుగురూ అదే మొదటి లైను, అవే మాటలు, అదే బాణీ మోహనలో ఎత్తుకుంటారు. 'ఆయన' అన్న మొదటి అక్షరమే గాంధారం మీద ఉంది కాబట్టి, నోరు తెరిచిన క్షణంలోనే మార్పు తెలిసిపోతుంది. బాణీ గాంధారం మీద మొదలవ్వాలని నేను పట్టుబట్టింది ఇందుకే. మీరు ఇలాంటి మలుపు పెట్టుకుంటే, మారే స్వరాన్ని లైను మొదట్లోనే పెట్టండి. మధ్యలో ఎక్కడో పెడితే ఎవరో అపస్వరం పాడారనుకుంటారు.

తర్వాత పిల్లలు 'ఆయన లేచియున్నాడు' అంటారు. ఇక్కడ మన భాషే ఒక కానుక ఇచ్చింది. లేడు, లేచియున్నాడు, రెండూ 'లే'తోనే మొదలవుతాయి. ఆడవాళ్లు 'లేడు'లో 'లే'ని గాంధారం మీద పట్టి రిషభానికి దింపుతారు. పిల్లలు 'లేచి'లో 'లే'ని పంచమం మీద పెట్టి పైకి తీసుకెళ్తారు, 'యున్నా' దగ్గర పై షడ్జమం చేరతారు. పాట మొత్తంలో అదే అన్నిటికంటే పై స్వరం, రెండు శ్రుతిలో డి. లెడ్జరులో అందరికీ ఉన్న స్వరం. 'లేచి' తర్వాత ఊపిరి తీసుకోనివ్వకండి. అక్కడ తెగితే 'యున్నాడు' అనాథ అయిపోతుంది.

శివరంజని గాంధారం నుంచి మోహన గాంధారానికి ఒకే గొంతుతో వెంటనే మారడం కొత్తవాళ్లకి కష్టం. చెవిలో పాత గాంధారం మోగుతూనే ఉంటుంది, రెండింటికీ మధ్య ఎక్కడో పడతారు. అందుకే మలుపు దగ్గర పాడేవాళ్లని మార్చాను. ఆడవాళ్లు ఆపుతారు, పిల్లలు మొదలుపెడతారు. పిల్లలు రెండుసార్లు పాడాక, కొత్త గాంధారం చెవిన పడ్డాక ఆడవాళ్లు కలుస్తారు. మన క్వయర్‌లో ఏది కష్టమో దాని చుట్టూ దారి వెయ్యడమే బాణీ కట్టేవాడి పని.

కీబోర్డు తమ్ముడికి

కీబోర్డు వాయించే అబ్బాయికి నోటితో చెప్పి వదిలెయ్యకండి, కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) కాగితం మీద రాసి ఇవ్వండి. డి మైనర్ కనిపించగానే చెయ్యి అలవాటుగా బి ఫ్లాట్ కార్డుకి వెళ్లిపోతుంది. శివరంజనిలో ధైవతం బి. చరణంలో ఆ ధైవతం వచ్చేచోట కింద బి ఫ్లాట్ మోగితే రెండూ కొట్టుకుంటాయి, పాడే అక్కలు తామే తప్పు పాడుతున్నామనుకుని గొంతు తగ్గిస్తారు. విలాపం అంతా కార్డ్స్ లేకుండా స, ప మాత్రమే పట్టి ఉంచమని రాశాను. మోహనలోకి వచ్చాక డి మేజర్, బి మైనర్. ఈ రెండూ పూర్తిగా రాగం లోపలి స్వరాలే. జి, ఎ కార్డ్స్‌లో రాగంలో లేని స్వరాలు ఉంటాయి. వాటిని చరణం చివర ఒకటి రెండు చోట్ల వాడుకోవచ్చు, పల్లవిలో మాత్రం వద్దు.

ఆటోమేటిక్ రిథమ్ స్టైల్ అసలు వద్దు. మౌనం ఉన్నచోట అది ఆగదు. ఢోలక్ వాయించేవాళ్లు ఒక్కరున్నా చాలు, లేకపోతే చప్పట్లు.

రెండు గొంతులు చాలు

సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అని నాలుగు భాగాలు రాయాలని చాలామందికి ఆశ. పట్టణాల్లో పెద్ద సంఘాల క్వయర్లు పాడుతుంటే వినడానికి చాలా బాగుంటుంది. కానీ స్వరం చదవలేని 17 మందికి, వారానికి రెండు సాయంత్రాల్లో, ఆరుగురు మగవాళ్లతో నాలుగు భాగాలు నిలబడవు. ఒక్కో భాగానికి కనీసం ముగ్గురు గట్టివాళ్లు ఉండాలి. ఒకరు జలుబు చేసి రాకపోయినా ఆ భాగం బతకాలి.

మేం రెండే పెట్టుకున్నాం. విలాపంలో ఆడవాళ్ల బాణీ కింద మగవాళ్లు నోరు మూసి షడ్జమం పట్టి ఉంచుతారు. తంబురా లాగా. ఆ పెద్దాయన పని ఇదే. ఆయన షడ్జమం ఎక్కడా కదలదు. తోటలో కీబోర్డు లేని చోట మా శ్రుతి పెట్టె ఆయనే. మిగతావాళ్లు విడతలు విడతలుగా ఊపిరి తీసుకోవాలి, ఇద్దరు ఒకేసారి ఆపకూడదు.

మోహనలో మగవాళ్లకి వంత ఇచ్చాను, బుర్రకథలో వంతల్లాగా. పిల్లలు, ఆడవాళ్లు 'ఆయన లేచియున్నాడు' అన్న వెంటనే ఆ ఎనిమిదో దెబ్బ మీద మగవాళ్లు 'లేచాడు' అని అందుకుంటారు. విలాపంలో ఖాళీగా ఉంచిన దెబ్బే ఇప్పుడు నిండుతుంది. ఇలా ఒకరి తర్వాత ఒకరు పాడే పద్ధతి ఒకేసారి వేర్వేరు స్వరాలు పాడటం కంటే చాలా తేలిక. వినడానికి నిండుగానూ ఉంటుంది.

హల్లెలూయ

శ్రమల దినాల్లో హల్లెలూయ పాడకుండా ఆపి, ఈస్టర్ రోజున మళ్లీ ఎత్తుకోవడం లూథరన్ ఆరాధనలో పాత పద్ధతి. 40 రోజులు మూసి ఉంచిన మాట కాబట్టి దానికి మంచి చోటు ఇవ్వాలి. 'య' హ్రస్వంగా పలికితే హల్లె మూడు, లూయ మూడు, మొత్తం ఆరు మాత్రలు. 'యా' అని దీర్ఘం పలికితే ఏడు, మూడూ నాలుగుగా మిశ్రచాపు తాళం అవుతుంది. మిశ్రచాపు అందంగా ఉంటుంది గానీ సంఘమంతా చప్పట్లు కొట్టాలంటే ఆరు మేలు. నేను హ్రస్వం తీసుకుని తిశ్ర నడక, అంటే మూడేసి మాత్రల నడక పెట్టాను.

అక్కడే ఆ పక్కన పెట్టిన లైను తిరిగి వచ్చింది. అది మూడు, మూడు, మూడు, మూడు కదా.

రాయి దొర్లి ఉంది చూడు
హల్లెలూయ హల్లెలూయ

తాళం కొట్టే చెయ్యి వేగం మార్చకండి. ఒక్కో దెబ్బలో రెండు మాత్రలు పడేచోట ఇప్పుడు మూడు పడతాయి. రాయి ఒక దెబ్బ, దొర్లి ఒక దెబ్బ, అలా నాలుగు. హల్లె, లూయ, హల్లె, లూయ ఇంకో నాలుగు. ఒక ఆవర్తనం, అంటే తాళం ఒక చుట్టు, సరిపోయింది. చెయ్యి అదే వేగంలో ఉన్నా పాట ఉరకలేస్తుంది. దీన్ని నేర్పేటప్పుడు నేను బోర్డు మీద ఏమీ రాయలేదు. అందరినీ లేపి గుడి చుట్టూ నడిపించాను. అడుగుకి రెండు మాత్రలు, తర్వాత అడుగుకి మూడు. రెండో చుట్టులో వచ్చేసింది.

ప్రాక్టీసులో మాత్రం హల్లెలూయ అన్న మాట పలకం. ఆరు వారాలూ ఆ చోట 'లాల లాల' అనే పాడతాం. అసలు మాట శనివారం రాత్రి చివరి ప్రాక్టీసులో కూడా బయటికి రాదు. తెల్లవారుజామున తోటలోనే మొదటిసారి.

నేర్పించడం

కాగితం మీద మాటలు పెద్ద అక్షరాల్లో ఉండాలి, సాగదీసే అక్షరం కింద గీత, ఊపిరి తీసుకునే చోట ఎర్ర పెన్నుతో టిక్కు. అంతకు మించి ఏదీ వద్దు. ప్రతి భాగాన్నీ విడిగా ఫోన్‌లో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. ఆడవాళ్లకి ఆడగొంతుతో, మగవాళ్లకి మగగొంతుతో పంపాలి. మగగొంతు విని పాడితే చాలామంది ఆడవాళ్లు తెలియకుండానే కింది స్థాయిలో ఎత్తుకుంటారు. టైలరు బాబాయి మిషను తొక్కుతూ వింటారు, ఆటో తమ్ముళ్లు స్టాండులో వింటారు. మూడో వారానికి కాగితాలు తీసేసుకోండి. కొవ్వొత్తి వెలుగులో కాగితం చదవడం కుదరదు.

పాటని చివరి నుంచి నేర్పండి. మొదటి వారం హల్లెలూయ భాగం, తర్వాత మోహన, ఆఖర్న విలాపం. పండగ రోజు పాడుతూ ముందుకి వెళ్తున్నకొద్దీ బాగా తెలిసిన చోటికి వెళ్తున్నట్టు ఉంటుంది, ధైర్యం పెరుగుతుంది.

ఒక్క సాయంత్రమైనా తోటలోకి తీసుకెళ్లి పాడించండి. గోడలు లేని చోట పక్కవాళ్ల గొంతు వినపడదు, ఒంటరిగా పాడుతున్నట్టు ఉండి అరవడం మొదలుపెడతారు. వరసగా నిలబెట్టకుండా సగం చుట్టులా దగ్గరగా నిలబెట్టండి, భుజాలు తగిలేంత దగ్గరగా. పెద్దాయన మధ్యలో ఉండాలి.

ఆ తెల్లవారుజామున

నాలుగింటికి గుడి దగ్గర కలవండి. గోరువెచ్చటి నీళ్లు తాగించండి, టీ వద్దు. తోటకి నడుస్తూ నోరు మూసి కింది షడ్జమం పలికించండి, గొంతు నిద్ర లేస్తుంది. అయ్యగారు వాక్యం చదివాక చిన్న గొంతుతో పెద్దాయన చెవిలో స్వరం అందించండి. ఆయన పట్టుకున్నాక మీరు తప్పుకోండి.

కిందటిసారి ఆయన షడ్జమం పట్టగానే కొవ్వొత్తులు సర్దుకుంటున్నవాళ్లు ఆగారు. ఆడవాళ్లు 'ఆయన ఇక్కడ లేడు' అన్నారు. ఎనిమిదో దెబ్బ మౌనంలో ఎక్కడో ఒక చంటిబిడ్డ ఏడ్చింది, అంతే. పిల్లలు గాంధారం మార్చి ఎత్తుకున్నప్పుడు నా ముందు నిలబడి ఉన్న ఒక పిన్ని తల ఎత్తి చూసింది. ఆమె భర్త పోయి అప్పటికి ఏడు నెలలు. 'రాయి దొర్లి ఉంది చూడు' మొదటి ఆవర్తనం మేమే పాడాం. రెండోదానికి సంఘం కలిసింది. మూడోదానికి ఎవరి సమాధి దగ్గరికి వాళ్లు పూలు తీసుకుని కదిలారు, పాడుతూనే. క్వయర్‌లో వాళ్లకీ అక్కడ తమవాళ్లున్నారు కదా, వాళ్లు కూడా వెళ్లిపోయారు. తోట నాలుగు మూలల నుంచీ హల్లెలూయ వినపడుతుంటే, మధ్యలో పెద్దాయన ఒక్కరే నిలబడి షడ్జమం పట్టుకుని ఉన్నారు.